మామా, తలుపు తియ్యి

నా నోట్‌బుక్‌లో రెండు రకాల రాత ఉంటుంది. కోర్టు రికార్డులో ఉన్నది నీలం సిరాతో రాసుకుంటాను, నేను చేర్చేది పెన్సిల్‌తో. పేజీ తెరిస్తే ఏది జరిగిందో, ఏది నేను జరిపించానో కంటికి కనబడుతుంది. అచ్చయ్యాక మాత్రం రెండూ ఒకే నలుపు. ఈ సంగతి గురించి నేను చాలాకాలం ఏమీ ఆలోచించలేదు.

చిత్తూరు కోర్టులో ఇరవై ఎనిమిదేళ్లు స్టెనోగా చేశాను. సాక్షి తన భాషలో చెబుతాడు, జడ్జిగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతారు, నేను టైపు కొడతాను. పొద్దున తిరుపతిలో బస్సెక్కడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. ఏడ్చేవాళ్లను, అబద్ధమాడేవాళ్లను, అబద్ధమాడుతూ నిజంగానే ఏడ్చేవాళ్లను దగ్గర నుంచి చూశాను. టైపు చేసిన కాగితంలో వాళ్లెవరూ ఉండరు. ఒకటో సాక్షి, రెండో సాక్షి, మూడో సాక్షి ఉంటారు. వాళ్లకు ముఖాలుండవు. అది నాకు మొదటినుంచీ కోపం తెప్పించేది.

రిటైరయ్యాక ఒక పత్రికలో జిల్లా పేజీలు చూసే సబ్ ఎడిటర్ ఫోన్ చేసి, తీర్పులొచ్చేసిన పాత కేసుల మీద ఆదివారానికొకటి రాయమన్నాడు. పేర్లూ ఊళ్లూ మార్చాలి. కానీ కథలా ఉండాలి, చదివేవాళ్లకు తామే ఆ ఇంట్లో నిలబడి చూస్తున్నట్టుండాలి అన్నాడు. నాకు కావలసిందీ అదే. వాన పడిందని రికార్డులో ఉంటే, ఆ వానలో తడిసిన గడ్డివాము వాసన నేను పెట్టేదాన్ని. నిందితుడు ఇంటికొచ్చాడని ఉంటే, దారిలో వాడేమనుకున్నాడో నేను రాసేదాన్ని. తప్పనిపించలేదు. ముఖాలు లేనివాళ్లకు ముఖాలిస్తున్నాననుకున్నాను. ఇప్పటికీ సగం అదే అనుకుంటున్నాను.

బాగా పేరొచ్చిన కథనం ఒకటుంది. చిత్తూరుకు పడమటగా మామిడితోటల మధ్య ఉన్న ఊళ్లో ఒకడు భార్యను చంపాడు. ఎవరు చంపారన్నదాంట్లో అనుమానమేమీ లేదు, వాడే స్టేషనుకెళ్లి చెప్పాడు. యావజ్జీవ శిక్ష పడింది. ఆ కేసుకు స్టెనోని నేనే. పక్కింటామె సాక్ష్యంలో ఒక వాక్యం నా మనసులో ఉండిపోయింది. సాయంత్రం పూట ఆమె ఎనుమును కొట్టంలో కట్టేస్తుంటే ఆ ఇంట్లోంచి పిలుపు వినబడిందట: "మామా, తలుపు తియ్యి మామా." రెండుసార్లు. ఆ తర్వాత వినబడలేదు. జడ్జిగారు ఆ మాటను మార్చకుండా, ఉన్నదున్నట్టే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టించారు. ఆ పిలుపు మీద ఏ వకీలూ ప్రశ్న వెయ్యలేదు. కేసుకు దానితో పని లేదు.

కథకు మాత్రం దానితోనే పని పడింది. ఆ కేసు వాయిదాలన్నిటికీ ఒక ముసలాయన వచ్చి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. నిందితుడి తండ్రి. ఒళ్లో తువ్వాలులో కట్టిన స్టీలు క్యారియర్ ఉండేది. దాన్ని విప్పేవాడు కాదు, సాయంత్రం అలాగే తిరిగి తీసుకెళ్లేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయన్ను సాక్షుల జాబితాలో పెట్టి కూడా చివరికి విచారించలేదు. లోపలికీ బయటికీ తిరిగేటప్పుడు ఆయన్ను చూస్తూ, ఈయన ఏదో దాస్తున్నాడని అనుకునేదాన్ని. రాసే రోజున ఆ పిలుపును, ఈ మనిషిని పక్కపక్కన పెట్టాను. కోడలు పిలిచింది, మామగారు తలుపు తియ్యలేదు. అంతా అమరిపోయింది.

నేను రాసిన ముక్క ఇది: "తలుపు అవతల కోడలు పిలుస్తూనే ఉంది. వసారాలో మంచం మీద ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొగుడూ పెళ్లాల మధ్యకు మనమెందుకనుకున్నాడు. రెండోసారి పిలిచినప్పుడు ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి. మూడోసారి ఆమె పిలవలేదు." కథనం చివర కోర్టు వరండా, విప్పని క్యారియర్. చేసిన తప్పు గొంతుకు అడ్డం పడి మెతుకు దిగలేదని రాశాను.

చాలామంది ఫోన్ చేశారు. తిరుపతిలో ఒక కాలేజీ లెక్చరర్ అయితే అసలు నేరస్తుడు ఆ ముసలాయనే అని క్లాసులో చెప్పానన్నారు. సంతోషించాను. ఆ వారంలో నా రాత నేనే రెండుసార్లు తీసి చదువుకున్నాను, దాచడమెందుకు. రెండేళ్లకు ఒక ప్రచురణకర్త ఈ కథనాలన్నీ పుస్తకంగా వేస్తానన్నాడు. మొదటి అధ్యాయం ఇదే ఉండాలన్నాడు.

ప్రూఫులు దిద్దుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆ ముసలాయన మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది మా ఆయన. ఎవరో పెద్దాయన, నిన్ను అడుగుతున్నాడు అని లోపలికొచ్చి చెప్పారు. చూడగానే గుర్తుపట్టాను. అదే తువ్వాలు భుజం మీద ఉంది. కోర్టు దగ్గర జిరాక్సు షాపులో అడిగి అడ్రసు తెలుసుకున్నాడట. పేర్లు మార్చామని మేమనుకుంటాం గానీ, అలాంటి కేసు ఆ చుట్టుపక్కల ఒక్కటే. ఎవరి గురించో కనుక్కోవడానికి వాళ్లకు ఒక్క పూట కూడా పట్టలేదు.

కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నీళ్లు తాగాడు. జేబులోంచి నా కథనం ఉన్న పేజీ తీశాడు. ఎవరో దానికి ప్లాస్టిక్ అతికించి ఇచ్చారు. తనకు చదువు రాదని, వేరేవాళ్లు చదివితే విన్నానని, రాసింది నేనే కాబట్టి నా నోటితో ఒకసారి చదవమని అడిగాడు.

చదివాను. నా రాతను ఎదుటివాళ్లకు చదివి వినిపించడం నాకు అలవాటే, కథ ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో తెలుసు. ఆ రోజు అవేవీ చెయ్యబుద్ధి కాలేదు. కోర్టులో సాక్ష్యం తిరిగి చదివి వినిపించినట్టు, గబగబా, స్వరం లేకుండా చదివేశాను. ఆయన తలొంచుకుని ఆఖరు దాకా విన్నాడు. ఇదంతా ఎవరు చెప్పారు నీకని అడిగాడు. పక్కింటామె సాక్ష్యం అన్నాను. ఆమె ఏమని చెప్పిందన్నాడు. ఆ పిలుపు చెప్పాను.

"ఆ బిడ్డ నన్ను మామ అనదమ్మా," అన్నాడు. "తాత అంటాది. నా కూతురి కూతురు. మామ అనేది వాణ్ణి. బిడ్డను లోపలేసుకోని తలుపుకు గొళ్లెం పెట్టింది వాడే గదా."

కూతురి కూతుర్ని కొడుక్కు చేసుకున్నారు. మాటలొచ్చినప్పటినుంచీ ఆ పిల్ల మేనమామను మామా అనే పిలిచింది, పెళ్లయ్యాకా అదే పిలుపు. ఈయన తాత, పెళ్లయినా తాతే. ఆ సాయంత్రం తాను తోటలో ఉన్నానని, కాయ దించి లారీకి ఎత్తిస్తున్నానని, ఎవరో పరిగెత్తుకొచ్చి చెబితే ఇంటికొచ్చానని చెప్పాడు. కోర్టుకు తెచ్చిన క్యారియర్ గురించి కూడా చెప్పాడు. అది తనకోసం కాదు. తన కూతురికి, అంటే చనిపోయినమ్మాయి తల్లికి. ఆమె కూడా వాయిదాలకు వచ్చేది, వరండాకు ఆ చివర కూర్చునేది. బిడ్డ పోయాక ఎవరు పెట్టినా తినేది కాదట. ఒక్క రోజైనా తింటుందేమోనని ఆయన ప్రతి వాయిదాకూ వండించి తెచ్చేవాడు.

అయినా అప్పుడు మాట్లాడేదమ్మా, అన్నాడు. నీ పేపరు వచ్చినాకనే మాట మానేసింది.

కూతురు పాకాలలో ఉంటుంది. ఎవరో ఆమెకు ఆ కథనం చదివి వినిపించారు. తన బిడ్డ పిలుస్తుంటే కళ్లు తెరుచుకుని పడుకున్నాడని విన్నాక తండ్రిని గడప తొక్కనివ్వలేదు. ఈయన కాణిపాకం వెళ్లి, స్నానం చేసి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి తాను ఇంట్లో లేనని ప్రమాణం చేశాడు. మా వైపు ఎంత పెద్ద తగాదా అయినా అక్కడితో తెగిపోతుంది, ఆ తర్వాత ఇంకెవరూ నోరెత్తరు. కూతురు మాత్రం పేపర్లో ఊరికే రాస్తారా అనిందట. నెలకోసారి క్యారియర్ తీసుకుని పాకాల వెళ్తాడు, ఆమె తలుపు వేసుకుంటుంది, తిరిగొస్తాడు. ఎనభై దాటాయి, ఇంకెన్ని సార్లు తిరగగలనో తెలియదన్నాడు.

క్షమాపణ అడుగుతాడేమో, పత్రికలో సవరణ వెయ్యమంటాడేమో అనుకున్నాను. ఆయన అడిగింది వేరు.

"నువ్వొచ్చి కాణిపాకంలో ప్రమాణం సెయ్యి తల్లీ. నువ్వు రాసిందంతా నిజమని స్వామి ముందర సెప్పు. నువ్వట్ల సెప్తే నేనూ ఒప్పుకుంటా, పడుకోనుంటినని. నా బిడ్డ కాళ్లు పట్టుకుంటా."

నాకు కోపం వచ్చింది. తప్పు పట్టుకున్నవాడి మీద వచ్చే కోపం అది, ఇప్పుడు తెలుస్తోంది. ఇది రాసే పద్ధతి అని, లోకంలో అందరూ ఇలాగే రాస్తారని, జరిగినదాన్ని కళ్లకు కట్టించాలంటే కొంత ఊహించక తప్పదని చెప్పాను. పేర్లు కూడా మార్చానని గుర్తుచేశాను. ఆయన అంతా విని, "అట్లనా," అన్నాడు. లేచి, ఆ ప్లాస్టిక్ అతికించిన పేజీ అరుగు మీదే వదిలేసి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పాత నోట్‌బుక్ తీశాను. ఆ అధ్యాయంలో ముసలాయన గురించి నీలం సిరాతో ఉన్నది ఒకే ఒక్క లైను, పక్కింటామె విన్న పిలుపు. మంచం, గోడ, తెరిచిన కళ్లు, మొగుడూ పెళ్లాల మధ్యకు మనమెందుకన్న ఆలోచన, అన్నీ పెన్సిలే. వసారాలో మంచం ఉందో లేదో కూడా నాకు తెలియదు. నాలుగు పేజీలు వెనక్కి తిప్పితే తల్లి సాక్ష్యం ఉంది. నిందితుడు నా సొంత తమ్ముడు అని ఆమె చెప్పింది. దాన్ని టైపు చేసింది ఈ వేళ్లే. నీలం సిరాతో నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నదీ ఈ వేళ్లే.

ఎలా తప్పిపోయిందో చాలాసేపు ఆలోచించాను. మా అమ్మ కూడా మేనమామనే చేసుకుంది. కానీ గుడి కొలువులో ఉన్న మా ఇళ్లల్లో తాళి కట్టిన రోజు నుంచి పిలుపులు మారిపోతాయి. మామ 'ఏమండీ' అయిపోతాడు. తాత 'మామగారు' అయిపోతాడు. మా అమ్మ తన సొంత తాతను చివరిదాకా మామగారనే పిలిచింది. అందుకని మామ అనే మాట వినగానే నాకు వసారాలో కూర్చున్న పెద్దాయనే కనిపించాడు. ఆ పిల్ల పిలుపును మా ఇంటి భాషలో విన్నాను.

మా ఆయనకు చెప్పాను. ఆయన పేపరు మడిచి నా వంక చూసి, ఆ పల్లెలవాళ్లు మొగుణ్ణి మామా అనే కదా పిలుస్తారు, ఇరవై ఎనిమిదేళ్లు ఆ బస్సులో తిరిగినదానివి ఒక్కసారైనా వినలేదా అన్నారు. విన్నాను, రోజూ విన్నాను. పక్క సీట్లో పూల బుట్టతో కూర్చునే ఆడమనిషి, మామా టికెట్ తీసుకో అని మొగుడికి చెప్పడం ఎన్నిసార్లు విన్నానో. "నీ చెవులు కోర్టులో ఇంగ్లీషుకే పనిచేశాయిలే," అన్నారు మా ఆయన. నవ్వించడానికే అన్నారు. నాకు నవ్వు రాలేదు, సిగ్గుపడ్డాను.

ప్రచురణకర్తకు ఫోన్ చేసి ఆ ముక్క తీసేస్తున్నానన్నాను. పుస్తకానికి ప్రాణమే అది కదా మేడం, తీసేస్తే ఏం మిగులుతుందన్నాడు. పడుకున్న ముసలాయనను, విప్పని క్యారియర్‌ను తీసేసి రెండు వాక్యాలు పెట్టాను: "ఆమె పిలిచింది భర్తను. ఆ సమయంలో ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారని ఏ సాక్షీ చెప్పలేదు." అధ్యాయం చప్పబడిపోయింది. అలాగే ఉండనిమ్మన్నాను.

తర్వాత రైలెక్కి పాకాల వెళ్లాను. ఆమె ఇంటి ముందు చాప పరుచుకుని చింతపండులో గింజలు తీస్తోంది. యాభై దాటి ఉంటాయి. కోర్టులో చూసినప్పటికంటే చిక్కిపోయింది. నేనెవరో చెప్పాను. లేచి పొమ్మంటుందనుకున్నాను, చాపకు ఆ చివర కూర్చోమంది. చెప్పవలసిందంతా చెప్పాను. మీ నాన్న పడుకుని ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు, అది నా కల్పన, ఆ పిలుపు ఆయనకు కాదు అన్నాను. ఆమె చేతులు ఆగలేదు. గింజ ఒక పక్క, పండు ఒక పక్క పడుతూనే ఉన్నాయి.

"తెలుసు," అనింది. "తాత అంటాదని నాకు తెలీదా మేడం? నేను కన్న బిడ్డ."

మరి రెండేళ్లుగా ఆ ముసలాయనను ఎందుకు దూరం పెట్టావని అడిగాను. గింజలను చేత్తో ఒక పక్కకు తోసింది. మళ్లీ అడగబోతుంటే అనింది, నువ్వు రాసినదాకా నాకు నిద్ర లేదు మేడం, అది విన్నాంక పట్టింది అని.

 వచ్చే సోమవారం కాణిపాకం వస్తున్నానని, నేను రాసింది కల్పన అని మీ నాన్న ఎదురుగా ప్రమాణం చేస్తానని చెప్పాను. రమ్మని పిలిచాను. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. వచ్చేటప్పుడు ఒక కవర్లో చింతపండు పెట్టి ఇచ్చింది. వద్దనలేకపోయాను.

ముసలాయనకూ కబురు పంపాను. సోమవారం ఆయన నాకంటే ముందే వచ్చి బస్టాండులో నిలబడి ఉన్నాడు. చేతిలో తువ్వాలు మూట. కూతుర్ని రమ్మన్నావా అని ఆయన నన్ను అడగలేదు, కానీ క్యారియర్ తెచ్చాడు. నేను కోనేట్లో స్నానం చేసి తడిచీరతో గుడిలోకి వచ్చాను. అరవై మూడేళ్ల వయసులో, అంతమంది భక్తుల మధ్య నీళ్లోడుతూ నడవడం నాకు నచ్చలేదు. చలేసింది. స్వామి ఎదుట నిలబడ్డాక ఏం చెప్పాలన్నది కూడా కష్టమే అయింది. ఆయన ఆ సాయంత్రం ఇంట్లో లేడని నేను ప్రమాణం చెయ్యలేను, నేను చూడలేదు. కోర్టులో అంతకాలం పనిచేసినందుకు ఆ మాత్రం తెలుసు. నేను చూసింది నా పెన్సిల్‌ను మాత్రమే. అందుకని అంతవరకే చెప్పాను. ఈయన పడుకుని ఉన్నాడని నాకెవరూ చెప్పలేదు, నేనే కల్పించాను, అది నిజమన్నట్టు అచ్చు వేయించాను, ఆ పిలుపు ఈయనకు కాదు.

ముసలాయన చేతులు జోడించుకుని ఉన్నాడు. ఆయన చూపు స్వామి మీద లేదు, నా వెనక ఎవరి మీదో ఉంది. తిరిగి చూస్తే కూతురు. ఆమె కూడా నిలువునా తడిసి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు స్నానం చేసిందో మాకు తెలియదు. నన్ను కొంచెం పక్కకు జరగమంది.

"మా నాయన ఆ పెండ్లి ఒద్దనినాడు," అనింది స్వామితో. "వానికి కోపమెక్కువ, బిడ్డనియ్యద్దనినాడు. నా తమ్ముడే గదా, నా కండ్ల ముందరే ఉంటాది గదాని నేనే ఇచ్చినా. ఇచ్చింది నేను. మా నాయన కాదు."

ఆమెకు నిద్ర ఎందుకు పట్టిందో నాకప్పుడు అర్థమైంది. నేను పెన్సిల్‌తో గీసిన ఆ ముసలాయన మీద రెండేళ్లు తన భారం మోపి పడుకుంది. నేను ఆ మనిషిని తీసేస్తే అది మళ్లీ ఆమె మీదికే వస్తుంది. అది తెలిసే వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, అంతమందిలో ఆపుకున్నాను.

ముగ్గురం పక్కకు వచ్చి స్తంభం దగ్గర నిలబడ్డాం. ముసలాయన గబగబా మూట విప్పాడు. క్యారియర్ ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూసి నా చేతుల్లో పెట్టాడు. తువ్వాలు కూతురి తల మీద వేసి, "తుడుసుకోమ్మా, జలుబు సేస్తాది," అన్నాడు. ఆమె తల తుడుచుకుంది. తుడుచుకుంటూ, "తిన్నావా నాయనా?" అనింది.

 నేను క్యారియర్ పట్టుకుని నిలబడ్డాను. ఎన్నో వాయిదాల్లో దూరం నుంచి చూసి, దానిమీద అర పేజీ రాసిన క్యారియర్. అందులో ఏముందో ఊహించుకోకుండా, ఆమె వచ్చి మూత తీసేదాకా ఊరికే పట్టుకుని ఉన్నాను.